జోనంగి వీపు

"పొట్టి బొచ్చు కుక్క కదా, దానికి పెద్ద పనేం ఉండదు." కుక్కని పెంచుకుందామనుకునేవాళ్ళకి ముందుగా దొరికే సలహా ఇది. పమేరియన్ అయితే ముడులు పడతాయి, గోల్డెన్ రిట్రీవర్ అయితే రోజూ దువ్వాలి, షిజూ అయితే నెలకోసారి పార్లరుకి తీసుకెళ్ళాలి. పొట్టి బొచ్చుదైతే బకెట్టుడు నీళ్ళు పోసి వదిలేస్తే చాలు. ఈ మాటలో సగం నిజమే. ముడులు పడవు. భీమిలిలో నాలుగేళ్ళుగా ఒక పొట్టి బొచ్చు కుక్కతో బతుకుతూ, ఇంకో పొట్టి బొచ్చు కుక్కని డాగ్ షోకి తయారు చెయ్యడం దగ్గరుండి చూశాక, మిగతా సగం గురించి రాయాలనిపించింది.

మా ఇంట్లో ఉన్నది జోనంగి. పేరు గవ్వ. కైకలూరు దగ్గర పల్లెలో ఉండే మా బాబాయి ఇచ్చిన పిల్ల. జోనంగి పేరు తెలుగువాళ్ళలోనే చాలామంది విని ఉండరు. కొల్లేటి చుట్టుపక్కల, కోస్తా పల్లెల్లో ఉండే మన జాగిలం. సన్నటి ఒళ్ళు, నున్నటి పొట్టి బొచ్చు, నుదుటి మీద ఏదో లెక్క తేలనట్టు ముడతలు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ. ఊళకీ కూతకీ మధ్య ఒక రాగం తీస్తుంది. గొయ్యి తవ్వడమంటే ప్రాణం. బాతుల్ని మేపేవాళ్ళు మందని కాయడానికి ఈ కుక్కల్నే వాడేవాళ్ళని చెబుతారు. మా బాబాయి చిన్నప్పుడు చూశాడట: కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలకీ నత్తలకీ వందల బాతుల్ని తోలుకొచ్చేవాళ్ళు, వాటి వెనక ఒకటో రెండో ఇలాంటి కుక్కలు.

పిల్లని నా చేతిలో పెడుతూ బాబాయి ఒకటే చెప్పాడు: "ఏరా, దీనికి సబ్బూ గిబ్బూ రుద్దకు. చేత్తో తుడువు, చాలు."

ఆ "చేత్తో తుడువు" అన్నదాంట్లోనే మొత్తం విషయం ఉందని తర్వాత అర్థమైంది.

ముందు బొచ్చు రాలడం సంగతి. పొట్టి వెంట్రుక పొడుగు వెంట్రుకకన్నా మొండిది. పొడుగుది ఉండ చుట్టుకుని మూలకి చేరుతుంది, చీపురుకి దొరుకుతుంది. పొట్టిది సూదిలా బట్టలో దిగబడుతుంది. చలిదేశాల్లో కుక్కలు వసంతంలోనూ శరదృతువులోనూ దుప్పటి మార్చినట్టు బొచ్చు మార్చుకుంటాయి. పగటి పొడవు మారడాన్ని బట్టి ఒంటికి ఆ కబురు అందుతుంది. భీమిలి ఉన్న అక్షాంశంలో డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా దాదాపు రెండు గంటలే. అందుకేనేమో, గవ్వ ఒంటికి ఆ కబురు ఎప్పుడూ సరిగ్గా అందదు. ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా రాలుస్తూనే ఉంటుంది. నా కీబోర్డు సందుల్లో ఎప్పుడు చూసినా గోధుమరంగు నూగే.

దీనికి మందు తీగల బ్రష్షు కాదు. అది పొడుగు బొచ్చుకి. నూగు కింద చర్మం పల్చగా ఉండే కుక్కని దాంతో గీస్తే గీతలు పడతాయి. అరచేతిలో ఇమిడే రబ్బరు బ్రష్షు ఒకటుంటుంది, మొద్దు పళ్ళతో. మెడ దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా తిప్పుతూ వెనక్కి రావాలి. చచ్చిన వెంట్రుక లేచి పైకొస్తుంది. తర్వాత బొచ్చు వాలు వెంబడి గ్లవ్వుతో ఒకసారి, ఆఖర్న పాత పంచె గుడ్డతో ఒకసారి. మొత్తం పది నిమిషాలు. చర్మంలోంచి ఊరే నూనె బొచ్చంతా సమంగా పరుచుకుని, మెరుపు దానంతటదే వస్తుంది. వారానికి రెండుసార్లు ఇలా చేస్తే స్నానం నెలకోసారి చాలు, ఇంకా ఆలస్యమైనా పరవాలేదు.

స్నానం దగ్గరే మనవాళ్ళు ఉత్సాహపడతారు. మనిషి చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ అయిదున్నర చుట్టుపక్కల. కుక్క చర్మం ఏడుకి దగ్గరగా ఉంటుంది. మన షాంపూ మనకోసం చేసింది. పసిపిల్లల షాంపూ కూడా పసిపిల్లలకే. దాంతో వారంవారం రుద్దితే చర్మం ఎండి, పొట్టు లేచి, కుక్క గోక్కోవడం మొదలవుతుంది. గోక్కుంటోందంటే మురికి పట్టిందనుకుని ఇంకోసారి రుద్దుతారు. కుంకుడుకాయ పులుసు సహజమే గానీ కళ్ళలో పడితే మంట సహజం కాకుండా పోదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ, మత్స్యకారుల పేటావిడ, మొదటిసారి గవ్వ స్నానం చూసి, "కుక్కకి తలంటేటి బాబూ, మనుసులకే తీరికనేదు" అని నవ్వింది. నాలుగో నెలకి తువ్వాలు తనే పట్టుకొచ్చేది.

భీమిలికి మాత్రం ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. గోస్తనీ సముద్రంలో కలిసేచోట నీళ్ళు లోతు తక్కువ, కుక్కలకి స్వర్గం. కానీ ఉప్పు ఒంటిమీద ఆరితే దురద. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగాలి, కాలివేళ్ళ సందులు మరీ ముఖ్యం. అటు విశాఖ వైపు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. ఆ ఇసుక రేణువులకి ఇనుపతుప్పు పూత ఉంటుంది, దిబ్బల రంగు దానివల్లే. తడిగా ఉన్న కుక్క అందులో దొర్లిందంటే కాసేపు గేరు రంగు జోనంగి కొత్త జాతి పుడుతుంది. తడిమీద తుడిస్తే ఇంకా పులుముకుంటుంది. ఆరనిచ్చి దులపాలి. పిండిలా రాలిపోతుంది, పొట్టి బొచ్చులో ఉన్న సుఖం అదే. అన్నిటికన్నా పెద్ద చిక్కు గాలిలో తేమ. నుదుటి ముడతల్లో, చెవుల మడతల్లో తడి ఆరదు. ఆరని చోట బూజు పడుతుంది. ఎంత ముచ్చటైన ముడత అయితే అంత శ్రద్ధగా గుడ్డ పెట్టి ఒత్తాలి. ఈ ముడత మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

ఇక గోమార్లు. పుస్తకాల్లో పిడుదులు అంటారు. మన ఇళ్ళలో కుక్కలకి పట్టే గోధుమరంగు గోమారి కుక్క మీదే కాపురం ఉండదు. కడుపునిండా తాగి రాలిపోయి, గోడ పగుళ్ళలోనో మంచం కోళ్ళ సందుల్లోనో దూరి, అక్కడ వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్క మీద నాలుగు కనిపించాయంటే ఇంట్లో ఎక్కడో ఒక ఊరే ఉన్నట్టు. పసుపు, వేపాకు రాస్తే మనకి తృప్తి. కిరసనాయిలు రాసేవాళ్ళూ ఉన్నారు; నాకి నాకి కుక్కే జబ్బుపడుతుంది. ఇప్పుడు డాక్టరు రాసిచ్చే మాత్రలు బాగా పనిచేస్తాయి. అయినా మాత్ర ఉంది కదా అని చెయ్యి మానేస్తే లాభం లేదు.

రెండేళ్ళ కిందట వానాకాలం, ఒక రాత్రి గుడ్డతో తుడుస్తుంటే గవ్వ తొడ లోపలి వైపు, బొచ్చు దాదాపు లేని చోట, సూదిపోట్లంత ఎర్రచుక్కలు వేలికింద కనిపించాయి. అన్నం తింటోంది, తోక ఊపుతోంది, ముక్కు చల్లగానే ఉంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. పొద్దున్నే రక్తపరీక్ష. ప్లేట్‌లెట్లు కనీసం రెండు లక్షలు ఉండాల్సినవి 38 వేలు ఉన్నాయి. ఎర్లికియా, గోమారి కాటుతో వచ్చే జ్వరం. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కల్ని వందల్లో చంపింది ఈ జబ్బే. డాక్సీసైక్లిన్ 28 రోజులు. మొదటి అయిదు రోజులు ముక్కులోంచి రక్తం వస్తుందేమోనని గంటకోసారి లేచి చూసేవాళ్ళం. డాక్టరుగారు ఒకటే మాటన్నారు: "జూలు కుక్కలయితే ఈ మచ్చలు ఎవరికీ కనపడవండీ, ముక్కునుంచి రక్తం కారాకే తెస్తారు."

ఇంట్లో గ్రూమింగ్ అంటే నాకు అప్పట్నుంచీ ఇదే. అందం కోసం చేసేది కాదు. వారానికి రెండుసార్లు ఒక చెయ్యి కుక్క ఒళ్ళంతా చదవడం. నిన్న లేని గడ్డ, మొన్న లేని వేడి, చెవి దగ్గర కొత్త వాసన, ఇవన్నీ చేతికి తెలుస్తాయి. గోళ్ళు కూడా అంతే. గోరు లోపల రక్తనాళం ఉంటుంది. తెల్లగోళ్ళలో గులాబీరంగుగా కనిపిస్తుంది. నల్లగోళ్ళలో కనిపించదు కాబట్టి కొసలు కొసలుగా కత్తిరించుకుంటూ పోయి, కోసినచోట మధ్యలో నల్లచుక్క రాగానే ఆపాలి. మా బాబాయికి ఫోన్లో ఇది చెబితే ఆశ్చర్యపోయాడు. "కుక్కకి గోళ్ళు కత్తిరించడమేంట్రా, అవే అరుగుతాయి కదా?" నిజమే. బాతుల వెనక రోజంతా తిరిగే కుక్కకి అరుగుతాయి. నా బల్లకింద పడుకుని మీటింగులు వినే కుక్కకి అరగవు.

ఇప్పుడు షో కుక్క సంగతి. మా కొలీగ్ దగ్గర ఒక డాల్మేషియన్ ఉంది. విశాఖలో చలికాలంలో జరిగే షోకి దాన్ని తయారు చేస్తుంటే సాయానికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే వెక్కిరించడానికి సరిపడా సరుకు దొరుకుతుందన్న ఆశతోనే వెళ్ళాను. అంతగా దొరకలేదు.

షో రేపనగా స్నానం చేయించరు. రెండు మూడు రోజుల ముందే చేయిస్తారు, కడిగేసిన నూనె మళ్ళీ ఊరి మెరుపు రావడానికి. రోజూ రబ్బరు బ్రష్షు, తర్వాత మెత్తటి తోలుగుడ్డ, చివర పట్టుగుడ్డ. మెడ పక్కన, పిరుదుల మీద రెండు వైపుల బొచ్చు ఎదురెదురుగా కలిసేచోట చిన్న సుడిగీత లేస్తుంది. దాన్ని పల్చన చేసే కత్తెరతో పక్కబొచ్చులో కలిపేస్తారు. తోక కొసన కుచ్చులా పెరిగింది తీసేస్తారు. గోళ్ళు బాగా పొట్టిగా ఉండాలి, పాదం పిల్లి పాదంలా గుండ్రంగా కనపడాలని ఆ జాతి ప్రమాణం. కొందరు మీసాలూ కత్తిరిస్తారు. మా కొలీగ్ ఒప్పుకోలేదు. మీసం కుక్కకి అలంకారం కాదు, అదొక ఇంద్రియం; జర్మనీ లాంటి చోట్ల అది కత్తిరించడం చట్టవిరుద్ధం కూడా. తెల్లకాళ్ళకి సుద్దపొడి అద్ది దులిపేవాళ్ళున్నారు. రింగులోకి వెళ్ళేసరికి పొడి మిగిలి ఉంటే తప్పు.

పూడిల్ లాంటి కుక్కకి కింద నడుము ఎలా ఉన్నా కత్తెర తెలిసినవాడు పైన ఒక నడుము చెక్కగలడు. పొట్టి బొచ్చు కుక్కకి ఆ వీల్లేదు. భుజం వంకర ఉంటే వంకరే. అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి, విశేషణాలన్నీ తీసేసిన వచనం గుర్తొచ్చింది. ఆ పోలికని ఎక్కువ దూరం లాగను.

రింగులో నన్ను ఆకట్టుకున్నది న్యాయనిర్ణేత చేతులు. ముందు దూరం నుంచి చూశాడు, నడిపించి చూశాడు. తర్వాత దగ్గరకొచ్చి తల పట్టుకుని పళ్ళు చూశాడు, భుజాల మీంచి పక్కటెముకల దాకా రెండు చేతులతో తడిమాడు, మగకుక్క కాబట్టి వృషణాలు రెండూ దిగాయో లేదో కూడా. ఇంట్లో నేను చేసే పనే. నేను జబ్బుని వెతుకుతాను, ఆయన ప్రమాణాన్ని వెతుకుతున్నాడు, అంతే తేడా. మొదట్లో అలాగే అనుకున్నాను.

తేడా అంతకన్నా పెద్దది. కుక్కల ప్రదర్శనల చరిత్ర మొదలైంది 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో. అక్కడ పోటీపడ్డవి పాయింటర్లూ సెట్టర్లూ, అంటే వేటలో పనిచేసే కుక్కలు. గెలిచినవాళ్ళకి ఇచ్చిన బహుమతి తుపాకి. (భీమిలి మునిసిపాలిటీ పుట్టింది 1861లో. ఇంచుమించు ఈడువాళ్ళే.) 1873లో లండన్ కెన్నెల్ క్లబ్బు, 1896లో మన దేశపు కెన్నెల్ క్లబ్బు వచ్చాయి. పని చేసే కుక్కని చూడటానికి మొదలైన ప్రదర్శన క్రమంగా చూడటానికే ఉండే కుక్కని తయారు చేసింది. అన్నీ చెడ్డపనులే చేసిందనను. చెవులు కత్తిరించిన కుక్కల్ని రింగులోకి రానివ్వమని బ్రిటిష్ క్లబ్బు 1898లోనే నియమం పెట్టింది.

డాల్మేషియన్ కథే చూడండి. గుర్రబ్బండి పక్కన మైళ్ళకొద్దీ పరుగెత్తడం దాని ఉద్యోగం. మోటారుకారు వచ్చి ఉద్యోగం పోయింది, మచ్చలు మిగిలాయి. పిల్లలు తెల్లగా పుడతాయి, రెండు వారాలు దాటేలోగా మచ్చలు తేలడం మొదలవుతుంది. అవి గుండ్రంగా, విడివిడిగా, రెండు మూడు సెంటీమీటర్లుండాలి. పుట్టుకతోనే పెద్ద నల్లమచ్చ ఉంటే అమెరికన్ ప్రమాణంలో అనర్హత. అలాంటి చక్కటి మచ్చల కోసం తరతరాలు ఎంచుకుంటూ పోతే, వాటితోపాటు ఒక చెడ్డ జన్యువు జాతి మొత్తానికీ అంటుకుందని జన్యుశాస్త్రజ్ఞుల అభిప్రాయం. మిగతా కుక్కల్లా ఇవి యూరిక్ ఆమ్లాన్ని పూర్తిగా విడగొట్టలేవు, ముఖ్యంగా మగవాటికి మూత్రంలో రాళ్ళు పడతాయి. 1973లో రాబర్ట్ షైబుల్ అనే ఆయన ఒకే ఒక్కసారి పాయింటర్‌తో సంకరం చేసి, తర్వాత తరాలన్నీ డాల్మేషియన్లతోనే జతకట్టిస్తూ, మంచి జన్యువున్న డాల్మేషియన్లని తయారు చేశాడు. అమెరికన్ కెన్నెల్ క్లబ్బు 1981లో వాటిని చేర్చుకుంది, జాతి క్లబ్బువాళ్ళు గొడవ చేస్తే ఆపేసింది, మళ్ళీ 2011లో గానీ ఒప్పుకోలేదు. అభ్యంతరాల్లో ఒకటి ఏమిటంటే, ఆ కుక్కల మచ్చలు అంత స్పష్టంగా లేవని! మా కొలీగ్ కుక్క తిండిలో కాలేయం ఉండదు, గిన్నెనిండా నీళ్ళుంటాయి, రోజుకి ఆరుసార్లు బయటికి తిప్పుతాడు. పట్టుగుడ్డతో మెరిపించే ఆ మచ్చల వెనక ఇంత చాకిరీ ఉంది.

ఆ షోలోనే ఒక బ్రీడరు గారికి గవ్వ ఫోటో చూపించాను. ఆయన నిజంగా సంతోషించాడు. మన జాతులు మనం కాపాడుకోవాలన్న పట్టుదల ఉన్న మనిషి. 2005లో తపాలాశాఖ నాలుగు భారతీయ కుక్కల మీద స్టాంపులేస్తే, ముధోల్, రాజపాళయం, రాంపూర్, హిమాలయన్ వచ్చాయి గానీ తెలుగు కుక్క ఒక్కటీ లేదని బాధపడ్డాడు. కర్నూలు జిల్లా పందికోన కుక్కల గురించి చెప్పాడు. తర్వాత ఫోటోని పెద్దది చేసి చూస్తూ అన్నాడు: "తోక ఇంకో చుట్టు తిరగాలి. ముడతలు బావున్నాయి, ఇంకొంచెం లోతుగా ఉంటే జాతికి గుర్తింపు వచ్చేస్తుంది. రెండు మూడు తరాలు జాగ్రత్తగా ఎంచుకుంటే చాలు బ్రదర్."

ముడత లోతైతే ఏమవుతుందో నాకు తెలుసు. ప్రతి ముడతలో గుడ్డ పెట్టి ఒత్తేవాణ్ణి నేనే కదా.

అలాగని ఆయన మాట కొట్టిపారేయలేను. కొల్లేటి చుట్టూ పొలాలు చేపల చెరువులయ్యాయి. 2006లో సరస్సు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు గానీ బాతుల మందలు నడిచిన పాతదారులు తిరిగి రాలేదు. గట్లు తవ్వే కుక్క, చేపని ఎత్తుకెళ్ళే కుక్క చెరువు యజమానికి శత్రువు. పనిపోయిన కుక్క ఊరకుక్కల్లో కలిసిపోతుంది. ముధోల్ జాగిలం ఇవాళ మిగిలిందంటే ఒక రాజుగారి సరదా, తర్వాత కర్ణాటక ప్రభుత్వం తిమ్మాపూర్‌లో పెట్టిన పరిశోధన కేంద్రం, ఆ తర్వాత సైన్యం దాన్ని తీసుకుని శిక్షణ ఇవ్వడం, ఇవన్నీ కారణాలే. ఎవరో ఒకరు ఎంచకపోతే జోనంగి అనే మాట మా బాబాయి తరంతో ఆగిపోవచ్చు. దేన్ని చూసి ఎంచాలన్నదే తగువు. ఫోటోలో కనిపించేదాన్ని చూసి ఎంచితే ముడతా తోకచుట్టూ మిగులుతాయి. బాతుని కరవకుండా మళ్ళించే నోరు, తడినేలలో పగలని అరికాలు, రోజంతా నీళ్ళలో తిరిగినా పుండు పడని చర్మం ఫోటోలో కనపడవు. వాటిని చేత్తో చూడాలి, లేదా పనిలో పెట్టి చూడాలి.

ఇదంతా బాబాయికి చెప్పి, నువ్వయితే జోనంగి బొచ్చు గురించి ప్రమాణంలో ఏం రాస్తావని అడిగాను. ఆయన ఆలోచించకుండానే చెప్పాడు. వాళ్ళ నాన్న పిల్లల్ని ఎంచేటప్పుడు కాస్త పెరిగాక కాలవలోకి తోసి, గట్టుమీద కూర్చుని చుట్ట ముట్టించేవాడట. చుట్ట అయిపోయేలోగా ఒళ్ళు ఆరిపోయిన పిల్ల ఉంచుకోదగ్గది. ఆరకపోతే ఎవరైనా అడిగితే ఇచ్చేసేవాడు.

పోయిన డిసెంబరులో, ఒక ఆదివారం, గవ్వని గోస్తనీ దగ్గర నీళ్ళలోకి దింపాను. తువ్వాలు తీసుకెళ్ళలేదు. ఫోన్లో టైమరు పెడదామనుకున్నాను గానీ, మా పనావిడ తల్లి అక్కడే వలల పక్కన కూర్చుని అడ్డపొగ చుట్ట కాలుస్తోంది. నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట. ఎంత మిగిలిందో బయటికి సరిగ్గా తెలీదు. సంగతి చెప్పి, అయిపోతుంటే చెప్పమ్మా అన్నాను. గవ్వ రెండుసార్లు విదిలించుకుంది, ఇసుకలో తవ్వడం మొదలెట్టింది. గాలి తేమగా ఉంది. కాసేపటికి ఆ ముసలమ్మే లేచి, కుక్క వీపుమీద అరచెయ్యి ఆనించి, ఎదురు బొచ్చుకి ఒకసారి నిమిరింది.

"ఆరిపోనాది బాబూ. పొట్టకాడే కూసింత సెమ్మ," అంది. చుట్ట తీసి చూపించింది. ఇంకా రెండు దమ్ములుంది.